దుమ్ము, దుప్పటి, దుమ్ముగూడెం

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు పెద్దలు. ఆ మాట అన్నదెవరో గాని, ఆయనకు పడిశం మాత్రం వుండేది కాదని ఖాయంగా చెప్పవచ్చు. నిద్ర సుఖం ఎరక్కపోతే పోనీ, ముక్కు అన్నీ ఎరుగును. మార్గశిరం వచ్చి, మంచు పడటం మొదలై, అటకమీది ట్రంకుపెట్టె దించి, కలరా వుండల వాసనతో రగ్గులు బయటికి తీసిన రోజునుంచీ కొన్ని ఇళ్ళలో రాత్రిళ్ళు ఎలా గడుస్తాయో ఆ ఇళ్ళవాళ్ళకే తెలుసు. వరసగా పది తుమ్ములు. ఒక పక్క ముక్కు బిగిస్తే అటునుంచి ఇటు తిరగటం, ఆ పక్కా బిగిస్తే లేచి కూర్చోవటం. తెల్లవారుజామున నాలుగింటికి పిల్లవాడికి పిల్లికూతలు మొదలైతే వాణ్ణి భుజాన వేసుకుని గోడకానుకుని కూర్చునేది ఎవరు? వేరే చెప్పాలా?

"చలి సోకింది" అంటాం, అక్కడితో సరిపెట్టుకుంటాం. నిజానికి పాపం చలి చేసే అపకారం కొంతే. అసలు దోషి మన పక్కలోనే పడుకుని వుంటాడు. వాణ్ణి పట్టుకోవటానికి మనుషులకు చాలా ఏళ్ళే పట్టింది. ఆ కథ చెప్పుకోవటానికి పేరులోనే దుమ్మున్న దుమ్ముగూడేన్ని మించిన చోటు ఏముంది?

భద్రాచలంనుంచి గోదావరికి ఎదురుగా, అడవి అంచునే పోతే దుమ్ముగూడెం వస్తుంది. ఒకప్పుడు తూర్పు గోదావరి జిల్లా, 1959నుంచి ఖమ్మం జిల్లా, 2016నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. జిల్లాలు మారాయిగాని దుమ్ము మారలేదు. శ్రీరాముడు ఖరదూషణాదులను, వాళ్ళ పద్నాలుగు వేలమంది రాక్షసులను ఇక్కడే చంపాడనీ, వాళ్ళ బూడిదమీద లేచిన వూరు గనుక దీనికి దుమ్ముగూడెం అని పేరు వచ్చిందనీ స్థలపురాణం. తెలుగులో దుమ్ము అంటే ధూళీ అవుతుంది, ఎముకా అవుతుంది. కనుక ఎలా చూసినా కథ అతుకుతుంది. పర్ణశాల కూడా ఈ మండలంలోనిదే. సీతమ్మ నారచీర ఆరవేసిన గుర్తులంటూ అక్కడి రాళ్ళమీద చారలు చూపిస్తారు. చూసి వచ్చిన ఆడవాళ్ళంతా భక్తితో దణ్ణం పెట్టి వుంటారు. అయితే ఇంకో సంగతి కూడా గమనించాలి. రాజుగారి కోడలు అడవిలో కాపరం పెట్టినా బట్ట ఉతికి ఎండలో వేయటం మానలేదని మనవాళ్ళ నమ్మకం. ఎండా, బట్టా అన్న ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తాయి.

సీతమ్మ సంగతి వచ్చింది గనుక ఆమె చెల్లెల్నీ తలుచుకోవాలి. అడవిలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు కన్ను మూయకుండా కావలి కాశాడు. ఆయన వంతు నిద్ర కూడా తీసుకుని అయోధ్యలో ఊర్మిళ పద్నాలుగేళ్ళూ నిద్రపోయింది. 'ఊర్మిళాదేవి నిద్ర' అని మన ఆడవాళ్ళు ఒక పాటే కట్టుకున్నారు. పురాణంలో అంతమంది వీరులుండగా నిద్రపోయిన ఇల్లాలి మీద పాట కట్టటానికి కారణం ఏమై వుంటుంది? తెల్లారగట్లే లేచి కళ్ళాపి చల్లి, రాత్రి అందరూ పడుకున్నాక పడుకునే వాళ్ళకు హాయిగా నిద్రపోవటాన్ని మించిన వరం వుండదు గదా!

సరే, పురాణంనుంచి చరిత్రలోకి వద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరవాత ఆర్థర్ కాటన్ దొర చూపు గోదావరి ఎగువకు మళ్ళింది. నాగపూరు, బీరారు ప్రాంతాల్లో పండే పత్తిని పడవల్లో గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలని ఆలోచన. దారిలో మూడుచోట్ల నదిలో రాతి అడ్డంకులున్నాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గరే. అక్కడ ఆనకట్ట కట్టి, పక్కన పడవలు పోవటానికి లాకులతో కాలువ తవ్వించే పని హేగ్ అనే ఇంజనీరు చూశాడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోవటంతో ఇంగ్లండు మిల్లులవాళ్ళకు మన పత్తిమీద ఆశ మరీ పెరిగింది. కాని అడవి మాటేమిటి? పనివాళ్ళను మన్యపు జ్వరం పట్టుకుని పీడించింది. ఈలోగా 1867కే నాగపూరుకు బొంబాయినుంచి రైలు వచ్చింది. 1871లో పడవల దారి పనులు ఆపేశారు. ఆనకట్ట మాత్రం నేటికీ వుంది.

పత్తికీ మన ముక్కుకీ ఏమిటి సంబంధం అంటారా? అక్కడికే వస్తున్నాను. ఆ పత్తి పరుపై మన మంచమెక్కింది మరి. పాతకాలంలో పరుపు అందరికీ లేదు. చాప, నులక మంచం, దానిమీద పాతచీరలు నాలుగు కలిపి కుట్టిన బొంత. కప్పుకోవటానికి గొంగళి. ఇవి చూపుకు ఆనకపోయినా వీటికొక సుగుణం వుంది. నులక మంచాన్ని ఎండలో వేసి నాలుగు బాదవచ్చు, చాపను దులపవచ్చు, బొంతను చెరువుకు తీసుకుపోయి ఉతకవచ్చు. దుమ్ము దాక్కునే చోటు తక్కువ. ఇంట్లోకి దూదిపరుపు వచ్చింది, అడవి వైపు బూరుగు దూదీ వచ్చింది. ఒళ్ళు మెత్తబడింది. కాని పరుపును ఉతకలేం. ఏళ్ళతరబడి మన ఒంటిమీది పొట్టూ, చెమటా, తలనూనే అన్నీ అదే తాగుతుంది.

అందుకే కాబోలు, పూర్వం చలికాలానికి ముందు వీధిలో దూదేకుల వాళ్ళ వింటి నారి మోత వినపడగానే ఇళ్ళలో హడావిడి మొదలయ్యేది. పరుపు విప్పి పాతదూదిని పెరట్లో కుప్ప పోస్తే, ఆ పెద్ద వింటితో ఏకి, ఉండలు కట్టిన దూదిని మళ్ళీ పొంగించి ఇచ్చేవారు. అందులోంచి ఎంత దుమ్ము లేచేదో! ఇల్లాలు పమిటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడేది, అటు ఏకేవాడు ఏ అడ్డమూ లేకుండా ఆ దుమ్మంతా పీల్చేవాడు. మన ఇంటి పరుపు శుభ్రపడటానికి వేరొకరి వూపిరితిత్తులు ఖర్చయ్యాయన్న సంగతి ఆనాడు ఎవరూ లెక్కకట్టలేదు.

దుమ్ము చెడ్డదని అందరికీ తెలుసు. ఎందుకు చెడ్డదో ఎవరికీ తెలియదు. జ్వరం విషయంలోనూ అంతే జరిగింది. దుమ్ముగూడెం కూలీల్ని కుదిపేసిన లాంటి జ్వరాలకు కారణం అడవిగాలి, చిత్తడినేల ఆవిరి అనుకునేవారు. 'మలేరియా' అన్న ఇటలీ మాటకు అర్థమే 'చెడుగాలి'. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే, బేగంపేటలోని చిన్న ఆస్పత్రిలో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి చూసి మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. గాలి నిర్దోషి అని తేలింది, దోషి దోమ.

గాలి సంగతి తేలిందిగాని దుమ్ము సంగతి తేలటానికి ఇంకా చాలా కాలం పట్టింది. 1906లో వియన్నాలో పిర్కే అనే పిల్లల డాక్టరు 'అలర్జీ' అన్న మాట పుట్టించాడు. శరీరంలో కాపలావాడు ఒకడున్నాడనుకోండి. వాడి పని దొంగల్ని పట్టుకోవటం. కొందరి ఒంట్లో వీడికి చాదస్తం ఎక్కువై, తలుపు తట్టిన ప్రతి చుట్టాన్నీ దొంగ అనుకుని కర్ర తీస్తాడు. చుట్టం పుప్పొడి కావచ్చు, పిల్లివెంట్రుక కావచ్చు, ఇంటిదుమ్ము కావచ్చు. ఆ కొట్లాటలో కారే నీళ్ళే మన ముక్కుల్లోంచీ, కళ్ళల్లోంచీ వస్తాయి. ఇంటిదుమ్ముతో చాలామందికి ఇలా అవుతుందని 1920ల్లోనే డాక్టర్లు గ్రహించారు. అయితే దుమ్ములో ఏది? బూజా, దూదిపోగా, ఈకా? నలభై ఏళ్ళు వెతికారు.

చివరకు 1964లో హాలెండులోని లైడెన్ నగరంలో వోర్‌హోర్స్ట్ అనే డాక్టరూ, స్పీక్స్‌మా అనే జీవశాస్త్రజ్ఞుడూ, వాళ్ళ బృందమూ దోషిని పట్టేశారు. అది కంటికి ఆనని ఎనిమిది కాళ్ళ పురుగు. మిల్లీమీటరులో మూడోవంతు వుంటుంది. దాని లాటిన్ పేరుకు అర్థం 'చర్మం తినేది' అని. మనం రోజూ రాల్చే చర్మపు పొట్టే దాని భోజనం. నల్లిలా కుట్టదు, రక్తం తాగదు. నీళ్ళుకూడా తాగదు, గాలిలోని చెమ్మను ఒంటితో పీల్చుకుంటుంది. మనల్ని బాధించేది ప్రధానంగా దాని రెట్ట. ఎండి పొడి అయిన ఆ రెట్ట దిండుమీద తల ఆనించగానే లేచి ముక్కులోకి పోతుంది. 1967లో స్పీక్స్‌మా తన భార్యతో కలిసి ఇంటిదుమ్ములోని పురుగులమీద మరో పెద్ద వ్యాసం ప్రచురించాడు. ఇల్లు దులిపే సంగతిలో భార్యాభర్తలిద్దరి పేర్లూ కలిసి అచ్చయిన సందర్భం ఇదొక్కటే కాబోలు!

చెమ్మవున్న ఇళ్ళలో ఈ పురుగులు ఎక్కువనీ, ఆల్ప్స్ కొండలమీద పొడిగాలిలో బాగా తక్కువనీ కూడా వాళ్ళు తేల్చారు. మరి మనకు చలికాలంలోనే ఎందుకు ఎక్కువ బాధ? వానాకాలమంతా గాలిలో చెమ్మ, ట్రంకుపెట్టెలో గాలి ఆడని రగ్గు. పురుగులు పిల్లలు పెట్టి, పెరిగి, చచ్చి, వాటి పొడి అంతా అక్కడే పోగుపడుతుంది. మనం సరిగ్గా దాన్నే తీసి ముసుగుతన్ని పడుకుంటాం. తలుపులూ కిటికీలూ బిగిస్తాం. బయట పొయ్యిల పొగ, చెత్త కాల్చిన పొగ చలిగాలిలో పైకి పోలేక నేలకు దగ్గరగా నిలిచిపోతుంది. పైగా పడుకుంటే ముక్కులోని పొర ఉబ్బుతుంది. తెల్లవారుజామున ఒంట్లో సహజంగా వూపిరిగొట్టాలు సన్నబడే వేళ. నాలుగింటి పిల్లికూతలకు కారణం దెయ్యమూ కాదు, దిష్టీ కాదు.

ఇప్పుడు మన ఆచారాలను మళ్ళీ ఒకసారి చూడండి. వాకిలి చిమ్మేముందు నీళ్ళు చల్లటం దుమ్ము లేవకుండా. సంక్రాంతి ముందు బూజులు దులపటం, భోగినాడు చిరిగిన చాపలూ పాత తడికెలూ మంటలో వేయటం, పరుపులు మిద్దెమీద ఎండవేయటం. పెద్దవాళ్ళకు పురుగు సంగతి తెలియదు. పని మాత్రం తెలుసు. 1994లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో తివాచీలు ఎండలో పరిచి పరీక్షిస్తే పురుగులన్నీ చచ్చాయని తేలింది. మన బామ్మలు ఆ పరీక్ష ఏటా చేస్తూనే వున్నారు, అచ్చువేయలేదంతే.

అలాగని పాతవన్నీ బంగారమనీ కాదు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవటం ఆ రోజుల్లోనూ ప్రమాదమే, ఈ రోజుల్లోనూ ప్రమాదమే. నిప్పులనుంచి వాసనలేని విషవాయువు వచ్చి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దుమ్ముగూడెం అడవుల్లోని కోయగూడేల్లో చలికి నెగడు వేసుకుంటారు. వెచ్చదనం దొరుకుతుందిగాని పొగ పడనివాళ్ళకు ఆయాసం కూడా దొరుకుతుంది. సాంబ్రాణి పొగ, దోమల చుట్టపొగ అంతే. ఆ ప్రాంతంలో మిరప ఎక్కువ పండుతుంది. సంక్రాంతి దాటాక కల్లాల్లో ఆరబోసిన మిరప ఘాటుకు ఎవరైనా తుమ్ముతారు. అది అలర్జీ కాదు, ఉత్త మంట. అలర్జీ వున్నవాళ్ళకు ఆ మంట రెండింతలు, అంతే తేడా. ఇక భోగిముందు బూజు దులిపేది ఎవరు? ఇంట్లో అందరికంటె ఎక్కువ దుమ్ము పీల్చేది ఆ ఇల్లాలే. ఆస్తమా వున్న ఇల్లాలు అటకలు దులపటాన్ని ఇంటి మర్యాదగా లెక్కవేయటం మానాలి. ఆ నాలుగు గంటలూ మగవాళ్ళో, ఎదిగిన పిల్లలో చీపురు పట్టుకుంటే పండగకేమీ లోటు రాదు.

ఇంకో మాట. ఒకప్పుడు మన ఇళ్ళలో తుమ్మినా దగ్గినా 'ఈసనోఫీలియా' అనేవారు. ఆ మాటకూ ఒక చరిత్ర వుంది. రాత్రిపూట ఆగని దగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఒకరకం తెల్లకణాలు విపరీతంగా పెరగటం. ఇలాంటి రోగాన్ని మన దేశపు రోగుల్ని చూసి 1943లో వైన్‌గార్టెన్ అనే డాక్టరు వివరించాడు. అచ్చం ఉబ్బసంలా వుంటుంది, కాని ఉబ్బసం కాదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా క్రిమిమీద శరీరం చేసే తిరుగుబాటని తరవాత తేలింది. దానికి పనిచేసే మందు ఎవరిచ్చారనుకున్నారు? భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన బృందం ఫైలేరియాకు కనిపెట్టిన హెట్రజాన్ 1947లో వెలుగులోకి వచ్చింది. ఫైలేరియాతో వేగిన గోదావరి జిల్లాల బిడ్డ ఇచ్చిన మందు అది. ఆయన పోయింది ఆ మరుసటి ఏడే. కనుక రాత్రి దగ్గులన్నీ దుమ్మువల్లే అని ఇంట్లో తీర్పు చెప్పేయకూడదు. రెండువారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్షకూడా చేయించాలి.

అలర్జీయే అని డాక్టరు తేల్చాక చేయవలసినవి పెద్ద బ్రహ్మవిద్యలేమీ కాదు. దుప్పట్లూ గలీబులూ వారానికోసారి చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళలో ఉతకాలి. రగ్గులు కార్తీకంలోనే తీసి, ఉతికి, ఎండవేసి అప్పుడు కప్పుకోవాలి. ఎండకు పురుగు చస్తుందిగాని దాని పొడి పోదు. దులపాలి, ఉతకాలి. దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పొడిచీపురుతో చిమ్మేకంటె తడిగుడ్డతో తుడవటం మేలు. పడకగదిలో పాతపుస్తకాలూ, పాతబట్టల మూటలూ, బూరుబొమ్మలూ తగ్గించాలి. పరుపులకు ప్రత్యేకమైన తొడుగులు అమ్ముతున్నారుగాని, 2003లో ఇంగ్లండులో వెయ్యిమందికి పైగా ఆస్తమా వున్న పెద్దవాళ్ళమీద జరిపిన పరీక్షలో ఒక్క తొడుగులవల్లే చెప్పుకోదగ్గ మేలు కనపడలేదు. ఏ ఒక్కటీ చాలదు, అన్నీ కలిస్తేనే గుణం. పగలు కాసేపు కిటికీలు తెరవాలి. పడుకునే ముందు కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుక్కుంటే చాలామందికి తెరిపి.

మందుల సంగతి. తుమ్ములకు వాడే పాతరకం మాత్రలు మత్తు ఇస్తాయి. మత్తూ నిద్రా ఒకటి కాదు, మర్నాడు ఉదయం తల బరువే చెబుతుంది. ఇప్పుడు మత్తు తక్కువైనవి వచ్చాయి. ఆయాసానికి పీల్చే మందులు 1969లో ఒకటి, 1972లో ఇంకొకటి వచ్చి ఉబ్బసం రోగుల బతుకునే మార్చేశాయి. అయినా "ఇన్‌హేలర్ అలవాటైపోతుందేమో, పెళ్ళికాని పిల్ల, నలుగురూ చూస్తే ఏమనుకుంటారో" అని దాచి, పిల్లను రాత్రంతా కూర్చోబెట్టే తల్లులు ఈనాటికీ వున్నారు. కళ్ళజోడుకు లేని సిగ్గు దీనికెందుకమ్మా? ఏటా మృగశిర కార్తెనాడు హైదరాబాదులో చేపమందు కోసం నిలబడే జనాన్ని చూస్తే మనలో ఎంతమందికి వూపిరి అందటం లేదో తెలుస్తుంది. ఆ మందు పనిచేస్తుందని శాస్త్రం రుజువు చేయలేదు. నమ్మకం ఎవరిది వారిదే అనుకున్నా, అది ఏడాదికి ఒక్కరోజు. పక్కబట్టలు మాత్రం మూడువందల అరవై అయిదు రాత్రులూ మనతోనే వుంటాయి గదా!

దుమ్ముగూడెం కథలో రాక్షసులు పద్నాలుగు వేలమందే. మన ఒక్క పరుపులో అంతకంటె ఎక్కువమందే వుండవచ్చు. అక్కడ వాళ్ళను బూడిద చేసినవాడు సూర్యవంశపు రాజు. ఇక్కడ మనకు ఆ రాజుదాకా పోనక్కరలేదు, ఆ వంశానికి మూలపురుషుడే రోజూ పొద్దున మిద్దెమీదికి వచ్చి నిలబడుతున్నాడు. కావలసిందల్లా పరుపు పైకి మోసే మరో రెండు చేతులు. ఆ చేతులు ఇంట్లో వున్నవాళ్ళవే అయితే, ఊర్మిళమ్మకు దక్కిన నిద్రలో ఓ రవ్వంతైనా ఈ చలికాలంలో మీకూ దక్కుతుంది.